పశ్చిమ ఆఫ్రికా చేపల పులుసుల్లో ముందు ఏది వండాలి?

సముద్రపు చేప, ఎర్రటి నూనె, బెండకాయ ముక్కలు, మధ్యలో తేలుతూ ఒక మిరపపండు. పశ్చిమ ఆఫ్రికా వంటల వీడియోలు చూసేవాళ్లకి ఈ గిన్నె బాగా తెలుసు. వండుదామని వెతికితే మాత్రం తల తిరుగుతుంది. కాల్దూ, ఫాంటే ఫాంటే, సూపూ కాంజా, ఫిషర్‌మన్ సూప్, బంగా... సెనెగల్ నుంచి నైజీరియా దాకా తీరం పొడవునా ఊరికో పులుసు. ఫొటోల్లో అన్నీ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. నోట్లో పెట్టుకుంటే గానీ తేడా తెలీదు.

నేను మొదట వండింది ఘనావాళ్ల ఫాంటే ఫాంటే. పామాయిలే కదా అని కిరాణా కొట్టు నుంచి పామోలిన్ ప్యాకెట్ తెచ్చాను. రంగు రాలేదని కారం ఎక్కువ వేశాను, అదీ చాలదనిపించి ధనియాల పొడి చల్లాను. చివరికి తయారైంది చింతపండు వేయడం మర్చిపోయిన చేపల పులుసు. ఇంట్లోవాళ్లు "బాగానే ఉంది" అన్నారు. ఆ మాటకి అర్థం మీకూ తెలుసు. కొన్నాళ్లకి అసలైన ఎర్ర నూనె దొరికి మళ్లీ వండినప్పుడు బోధపడింది. వీటిలో ఏది ఎంచుకోవాలో తేల్చేది చేప కాదు, మన చేతికి అందే నూనె.

## ముందు చూసుకోవలసినవి

నూనె. ఈ వంటల్లో వాడే పామాయిల్ మన ప్యాకెట్లలో వచ్చే లేత పసుపు నూనె కాదు. ఆయిల్‌పామ్ పండు గుజ్జుని పిండి తీసి, శుద్ధి చేయకుండా వాడే నూనె అది. కెరోటిన్ వల్ల నారింజ ఎరుపులో ఉంటుంది, కాస్త చల్లబడితే సగం గడ్డ కడుతుంది. వాసన అడిగితే ఒక్క మాటలో చెప్పలేను. కొంచెం పచ్చి క్యారెట్, కొంచెం పొగ, కొంచెం మట్టి. శుద్ధి చేసేటప్పుడు రంగూ వాసనా రెండూ పోతాయి కాబట్టి పామోలిన్‌తో ఈ రుచి ఎంత తిప్పలు పడ్డా రాదు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆయిల్‌పామ్ పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. మన దేశంలో ఆ తోటలు అందరికంటే ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా ఏలూరు, గోదావరి జిల్లాల వైపు. ఈ పంట మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ కూడా ఏలూరు పక్కన పెదవేగిలోనే ఉంది. తెలంగాణలో అశ్వారావుపేట మిల్లు సంగతి ఖమ్మం వైపువాళ్లకి చెప్పక్కర్లేదు. చెట్టు ఇంటి ముందే ఉన్నా ఎర్ర నూనె మాత్రం మన కొట్లలో కనిపించదు, ఎందుకంటే మిల్లులో తీసిన ముడి నూనె నేరుగా రిఫైనరీకి పోతుంది. తెలిసినవాళ్లున్నారని మిల్లు నుంచి క్యాన్ నింపుకొచ్చి వండకండి. అది శుద్ధికి పోవాల్సిన సరుకు, వంటకని తీసింది కాదు. వంటకని లేబుల్ వేసి అమ్మే సీసానే కొనండి. ఆఫ్రికా సరుకులమ్మే కొట్లలోనో, ఆన్‌లైన్‌లోనో వెతకాలి. అమెరికా, ఇంగ్లండ్‌లలో ఉన్నవాళ్లకి ఈ టెన్షన్ లేదు. హ్యూస్టన్, లండన్ లాంటి చోట్ల నైజీరియా, ఘనా కొట్లు బోలెడు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మరీ మెరిసిపోయే ఎరుపుంటే అనుమానించండి. 2015లో ఘనా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ మార్కెట్లో తనిఖీ చేస్తే కొన్ని పామాయిళ్లలో సుడాన్ 4 అనే బట్టల రంగు బయటపడింది. మంచి నూనె నారింజ వైపు ఉంటుంది, రక్తంలా ఉండదు.

జిగురు. బెండకాయ జిగురు పోవడానికి మనం ఎండబెడతాం, వేయిస్తాం, పెరుగు వేస్తాం. అక్కడ ఆ జిగురు కోసమే బెండకాయ వేస్తారు. నైజీరియాలో ఇలాంటివాటిని డ్రా సూప్ అంటారు, ముద్దతో ఎత్తితే తీగ సాగాలి. ఇది ఇష్టపడని ఇంట్లో సూపూ కాంజా చేస్తే గిన్నె గిన్నెలాగే మిగులుతుంది.

వాసన. సెనెగల్ వంటల్లో గెజ్ అనే పులియబెట్టి ఎండబెట్టిన చేప, యేత్ అనే పులియబెట్టిన పెద్ద సముద్రపు నత్త మాంసం, నేతేతూ అనే పులియబెట్టిన గింజల ముద్ద వేస్తారు. ఉప్పుచేప వేయించుకునే ఇంటికి ఇది పెద్ద విషయం కాదు. అపార్ట్‌మెంట్లో కింద ఫ్లాట్ వాళ్లతో ఇప్పటికే గొడవలుంటే ఆలోచించుకోండి.

పక్కన ఏముండాలి. అన్నంతో తినేవి కొన్ని, ముద్దతో తినేవి కొన్ని. నైజీరియాలో ఆ ముద్దల్ని స్వాలో అంటారు. నమలరు, చిదిమి, గుంట చేసి, పులుసు ఎత్తి మింగుతారు. రాగి సంకటి తినే చేతులకి ఈ విద్య కొత్తగా నేర్పక్కర్లేదు.

వండే సమయం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. చేప ఉడకడానికి ఎక్కడైనా ఒకటే టైమ్ పడుతుంది. ఒక్క బంగా మాత్రం సగం పూట తింటుంది.

## ఒక్క చూపులో

| వంటకం | ఎక్కడిది | ఎర్ర నూనె | రుచి | దేనితో | మన ఊళ్లో వండాలంటే |
|---|---|---|---|---|---|
| కాల్దూ | సెనెగల్, కాసమాన్స్ | లేకున్నా పర్వాలేదు | పులుపు, పలచన | అన్నం | అన్నీ దొరుకుతాయి |
| ఫాంటే ఫాంటే | ఘనా, ఫాంటే తీరం | తప్పనిసరి | నూనె, టమాటా, తాజా చేప | కెంకే, బాంకు (పులిసిన మొక్కజొన్న పిండి ముద్దలు), ఉడికించిన పెండలం | నూనె ఒక్కటి సంపాదిస్తే చాలు |
| సూపూ కాంజా | సెనెగల్, గాంబియా | తప్పనిసరి | జిగురు, ఎండుచేప ఘాటు | అన్నం | నూనె కావాలి, మిగతావి సర్దుకోవచ్చు |
| ఫిషర్‌మన్ సూప్ | నైజీరియా, నైజర్ డెల్టా | కొద్దిగా | పీత, రొయ్య, నత్తల తీపి | ముద్ద | తీరప్రాంతం వాళ్లకి తేలిక |
| బంగా | నైజర్ డెల్టా | పండు రసమే ఆధారం | చిక్కన, మసాలా వాసన | స్టార్చ్ ముద్ద, ఎబా (కర్రపెండలం రవ్వ ముద్ద) | కష్టం |

ఈ పట్టికలో చెబూ జెన్ లేదేమిటి అంటారేమో. సెనెగల్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది అదే. 2021లో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పుట్టింది సెయింట్ లూయీ పట్నంలో, వండినది పెండా ఎంబాయే అనే ఆవిడ అని సెనెగల్‌వాళ్లు చెప్పుకుంటారు. పక్కన పెట్టడానికి కారణం, అది పులుసు కాదు. సెనెగల్ భాష వోలోఫ్‌లో చెబ్ అంటే బియ్యం, జెన్ అంటే చేప. చేప ఉడికిన నీళ్లలోనే బియ్యం వండుతారు, అడుగంటిన మాడుని కూడా గోకి పంచుకుంటారు. అది ఇంకో రోజు మాట్లాడుకోవలసినంత పెద్ద వంట.

కానీ అందులో పడే బియ్యం గురించి ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను. వాళ్లకి కావలసింది నూకలు. ఫ్రెంచివాళ్లు సెనెగల్ రైతుల చేత వేరుశనగ వేయించి, తినడానికి ఇండోచైనా నుంచి నూకలు దింపారు. అలా అలవాటైన నాలుక ఇప్పటికీ నూకలనే కోరుతుంది. ఆ నూకల్లో చాలా భాగం ఇప్పుడు మన దేశం నుంచే వెళ్తాయి. పశ్చిమ ఆఫ్రికాకి బియ్యం ఓడలు బయల్దేరే రేవుల్లో కాకినాడది పెద్ద పేరు. 2022 సెప్టెంబరులో మన ప్రభుత్వం నూకల ఎగుమతి ఆపేసినప్పుడు ఆ వార్త ఇక్కడ లోపలి పేజీలోకి పోయింది గానీ, సెనెగల్ రాజధాని డాకర్‌లో అది నేరుగా అన్నం గిన్నె విషయం. కింద చెప్పబోయే కాల్దూకీ, సూపూ కాంజాకీ మీరూ నూక అన్నమే వండి చూడండి. పులుసు పట్టుకునే తీరే వేరు.

## కాల్దూ: మన చేతికి దగ్గరి వంట

సెనెగల్ దక్షిణాన, గాంబియాకి దిగువన ఉన్న ప్రాంతం కాసమాన్స్. మడ అడవులు, ఉప్పుటేర్లు, వరిచేలు. అక్కడి జోలా ప్రజలు ఆఫ్రికా సొంత వరి జాతిని తరతరాలుగా ఉప్పునేలల్లో గట్లు కట్టి పండిస్తున్నారు. ముఖ్యపట్నం జిగంషోర్ 1645లో పోర్చుగీసు వర్తక స్థావరంగా మొదలైంది, ఫ్రెంచివాళ్ల చేతికి 19వ శతాబ్దం చివరలో గానీ రాలేదు. కాల్దూ పేరు వెనక ఉన్నది పోర్చుగీసు మాట కాల్దో. అంటే చారు. పేరుకి తగ్గట్టే పలచగా ఉంటుంది.

పద్ధతి చెబితే ఇంతేనా అంటారు. కిలో చేపకి మూడు పెద్ద ఉల్లిపాయలు నిలువుగా కోసి, లీటరు నీళ్లలో ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కొన్ని మిరియాలతో మరిగించండి. ఉల్లి మెత్తబడ్డాక చేపముక్కలు, ఒక పచ్చిమిరపకాయ చీల్చకుండా వేయండి. చేప ఉడికి, దించాక రెండు మూడు నిమ్మకాయలు పిండాలి. పొయ్యి మీద ఉండగా పిండితే చేదెక్కుతుంది. కొందరు చెంచాడు ఎర్ర నూనె వేస్తారు, వేయనివాళ్లూ ఉన్నారు. అందుకే నూనె దొరకనివాళ్లకి ఇది మొదటి వంట.

అసలు సంగతి పక్కన పెట్టే ముద్దలో ఉంది. దాన్ని బెగెజ్ అంటారు. బిసాప్ ఆకుల్ని బెండకాయలతో కలిపి ఉడికించి, మెత్తగా ఎనిపి, అన్నం పక్కన ఒక ముద్ద పెడతారు. బిసాప్ ఎవరో కాదు, మన గోంగూర. అక్కడివాళ్లు ఎర్రటి కాయల తొడుగుల్ని నానబెట్టి పంచదార వేసి తాగుతారు, ఆకుని ఇలా వండుకుంటారు. ఈ మొక్క మొదటి ఊరు కూడా ఆఫ్రికాయే అంటారు. మనం గోంగూరలో రొయ్యలు వేసుకున్నట్టే వాళ్లూ చేప పక్కన గోంగూర పెట్టుకుంటున్నారన్నమాట, మధ్యలో ఒకరికొకరు కబురు పెట్టుకోకుండానే. తేడా బెండకాయ దగ్గర వస్తుంది. గోంగూరలో బెండకాయ అంటే మా అమ్మ ముఖం చిట్లించింది. తిన్నాక ఏమీ అనలేదు, రెండోసారి వడ్డించుకుంది.

ఎర్రకాడ గోంగూర తీసుకోండి, పులుపు బాగా ఉంటుంది. చేప పండుగప్ప అయితే బాగా కుదురుతుంది. ముల్లు తక్కువ, ముక్క విడిపోదు. కొరమీనూ పర్వాలేదు. వంజరం ఎందుకో ఎండినట్టైపోయింది నాకు.

ఇందులో లోటు ఏమిటంటే, ఆఫ్రికా వంట అంటే ఎర్రగా, చిక్కగా ఉండాలని ఊహించుకుని కూర్చున్నవాళ్లకి ఇది చప్పగా కనిపిస్తుంది. అతిథులకి చూపించే వంట కాదు. జ్వరం తగ్గిన మర్నాడు తినే వంట.

## ఫాంటే ఫాంటే: నూనె దొరికిన రోజు

ఘనా మధ్య తీరంలో కేప్ కోస్ట్, ఎల్మినా వైపు ఉండేది ఫాంటే ప్రజలు. సముద్రమే వాళ్ల బతుకు. అక్కడి జాలరులకి మంగళవారం వేట లేదు, ఆ రోజు సముద్రానికి విశ్రాంతి. ఎల్మినాలో బెన్యా ఉప్పుకయ్యలో వేట మళ్లీ మొదలుపెట్టే బకాటుయే పండుగ కూడా జులై మొదటి మంగళవారమే. ఫాంటే ఫాంటే ఆ జాలరుల వంట. అప్పుడే పట్టిన చేప, నూనె, ఉల్లి, టమాటా, మిరప. తిరగమోత లేదు, మసాలా లేదు. ఒడ్డు మీద మూడు రాళ్ల పొయ్యికి ఇంతకంటే ఏం కావాలి?

కిలో చేపకి ముప్పావు కప్పు ఎర్ర నూనె పడుతుంది. తక్కువ వేస్తే ఇది ఫాంటే ఫాంటే కాదు. నూనె వేడెక్కాక ఉల్లి, దంచిన అల్లం, మిరపకాయ వేసి, మెత్తగా రుబ్బిన టమాటా పోయండి. నూనెని పొగ వచ్చేదాకా కాల్చకండి, రంగూ రుచీ రెండూ పోతాయి. టమాటా పచ్చివాసన పోయాక ఉప్పు పట్టించిన చేపల్ని పరిచి, మూత పెట్టి, సన్నసెగ మీద 20 నిమిషాలు. గరిటె పెట్టొద్దు. గిన్నె చెవులు పట్టుకుని ఊపడమే. ఈ ఒక్క విషయంలో మాత్రం మన చేపల పులుసు నేర్పిన క్రమశిక్షణ పనికొస్తుంది.

చేప తాజాది కాకపోతే ఈ వంట జోలికి పోకండి. దాచిపెట్టే మసాలా లేదు కాబట్టి ఫ్రీజర్ వాసన నేరుగా నోటికి తగులుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వాళ్లు అదృష్టవంతులు. కానాగంతలు, కవళ్ళు తెచ్చుకుని హాయిగా వండుకోండి. అక్కడా కవళ్ళ జాతి చేపే సామాన్యుడి చేప. హైదరాబాద్‌లో ఉంటే చెరువు చేప తాజాగా దొరికినదే మేలు, వారం కిందటి సముద్రపు చేపకన్నా.

పక్కన అసలైతే కెంకే ఉండాలి, పులిసిన మొక్కజొన్న పిండి ముద్ద. ఫాంటేవాళ్లు దాన్ని అరటి జాతి ఆకుల్లో చుడతారు, అక్రా వైపు ‘గా’ అనే తెగవాళ్లు మొక్కజొన్న పొత్తు తొక్కలో చుడతారు. మనకి అంత ఓపిక లేదు. పెండలం గానీ అరటికాయ గానీ ఉప్పునీళ్లలో ఉడికించి పెట్టుకోండి. అన్నంతో తింటే నూనె మరీ తెలుస్తుంది.

పామాయిల్‌లో సగం దాకా సంతృప్త కొవ్వే. డాక్టరు కొలెస్టరాల్ గురించి హెచ్చరించిన ఇంట్లో ఇది నెలకో రెండు నెలలకో ఒకసారి చేసుకునే వంట.

## సూపూ కాంజా: ఓడలెక్కిన గిన్నె

వోలోఫ్‌లో కాంజా అంటే బెండకాయ. గాంబియాలో ఇదే పులుసుని సూపర్‌కాంజా అంటారు. చేప, రొయ్యలు, పీతలు, గెజ్, యేత్, నేతేతూ, బెండకాయ, పైన ఎర్ర నూనె. కొన్ని ఇళ్లలో మాంసం కూడా వేస్తారు.

వారసత్వం అనే మాట ఎక్కువగా వర్తించేది దీనికే. ఎందుకంటే ఇది దాటివెళ్లిన దూరం అంత. లూసియానాకి ఆఫ్రికా బానిసల మొదటి ఓడలు 1719లో చేరాయి. ఫ్రెంచి పాలనలో అక్కడికి తరలించినవాళ్లలో ఎక్కువమంది సెనెగల్, గాంబియా నదుల ప్రాంతం నుంచే. ఈనాటి న్యూ ఆర్లీన్స్ గంబోలో బెండకాయ, రొయ్య, పీత, పక్కన తెల్లన్నం చూస్తే తల్లి ఎవరో చెప్పక్కర్లేదు. గంబో అనే పేరు మాత్రం ఇంకా దక్షిణాన ఉన్న బాంటూ భాషల్లోని బెండకాయ పేరు నుంచి వచ్చింది. బ్రెజిల్ బాహియాలో బెండకాయ, ఎండురొయ్యలు, ఎర్ర పామాయిల్‌తో చేసే కరూరూ కూడా ఈ కుటుంబమే. సంకెళ్లతో వెళ్లినవాళ్ల వెంట సామాను లేదు. వండే తీరు మాత్రం వెళ్లింది.

వండటానికొస్తే, అరకిలో లేత బెండకాయల్లో సగం సన్నగా తరగండి, సగం దంచండి. ముందు చేపని ఉల్లితో ఉడికించి తీసి పక్కన పెట్టుకోవాలి. ఆ నీళ్లలో ఎండుచేప, బెండకాయ వేసి అరగంట మరిగించి, నూనె పోసి, అది పైకి తేలేదాకా ఉంచాలి. చివర్లో రొయ్యలు, పీతలు, తీసిపెట్టిన చేప. గంటన్నర పని.

దొరకని సరుకుల సంగతి. గెజ్‌కి బదులు మన ఎండుచేప సరిపోతుంది, ముందు వేడినీళ్లలో ఉప్పు వదిలించండి. ఎండురొయ్యలు గుప్పెడు వేస్తే ఇంకా మంచిది. యేత్‌కి బదులు లేదు, వదిలేయండి. నేతేతూ ఆఫ్రికా కొట్లలో నైజీరియా పేరుతో ఇరూ అనో, ఘనా, హౌసా పేరుతో దావాదావా అనో ఉంటుంది. అదీ లేకపోతే అక్కడి చాలామంది ఇళ్లలో జరిగేదే చేయండి, ఒక మ్యాగీ క్యూబ్ వేయండి. మ్యాగీ అంటే మనకి నూడుల్స్, వాళ్లకి రసం బిళ్ల. సంప్రదాయవాదులు తిడతారు గానీ డాకర్ వంటిళ్లలో ఆ బిళ్ల లేని రోజు తక్కువ.

నా మటుకు ఈ ఐదింటిలో అత్యంత రుచికరమైనది ఇదే. కానీ మొదటి వంటగా ఎవరికీ చెప్పను. జిగురు, ఎండుచేప వాసన, ఎర్ర నూనె మూడూ ఒకేసారి కొత్తగా తగిలితే సగంమంది గిన్నె పక్కకి జరుపుతారు.

## ఫిషర్‌మన్ సూప్: పీతలు ఇష్టమైనవాళ్లకి

నైజర్ డెల్టాలో, ఇజా ప్రజలుండే బయెల్సా, రివర్స్ రాష్ట్రాల వైపు పులుసు. చేప, పెద్ద రొయ్యలు, పీతలు, పెంకుతో సహా చిన్న నత్తలు. నత్త కొస విరగ్గొట్టి వేస్తారు, తినేటప్పుడు జుర్రుకోవడమే. నూనె తక్కువ. చిక్కదనానికి ఉడికించి దంచిన చేమదుంప గానీ పెండలం గానీ కలుపుతారు, చివర్లో తులసి జాతికి చెందిన ఘాటైన ఆకు వేస్తారు. నూనె కొద్దిగానే పడుతుంది కాబట్టి ఒక చిన్న సీసా చాలాసార్లకి వస్తుంది. చెయ్యడం తేలిక, సరుకు ఖరీదు. బందరు పీతలు ఇంటికొచ్చిన రోజున చేసుకోండి. నత్తలు వదిలేసినా ఏమీ కాదు.

## బంగా: ఓపిక ఉన్నవాళ్లకి

హ్యూస్టన్‌లో మేమున్న అపార్ట్‌మెంట్లో పక్క ఫ్లాట్‌లో నైజర్ డెల్టాలోని వారీ అనే పట్నం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేవారు. మేం ఆంటీ అని పిలిచేవాళ్లం. వాళ్ల దేశంలోనూ పెద్దవాళ్లని ఆంటీ అనే పిలుస్తారట, కాబట్టి పేచీ రాలేదు. మా ఇంట్లో ఎండుచేపలు వేయించిన రోజు నేను కిటికీలు తెరిచి భయపడుతుంటే, ఆవిడ తలుపు కొట్టి "ఏం వండుతున్నారు?" అని అడిగారు. అలా మొదలైంది స్నేహం. బంగా రుచి చూసింది వాళ్లింట్లోనే.

ఇందులో నూనె పోయరు. ఆయిల్‌పామ్ పళ్లనే ఉడికించి, రోట్లో గింజ చితకకుండా దంచి, వేడినీళ్లు పోసి పిసికి, వడకడతారు. మనం కొబ్బరిపాలు తీసినట్టే. ఆ రసం మరిగి మరిగి, పైన నూనె తేలి, చిక్కబడ్డాక చేప వేస్తారు. ఉర్హోబోవాళ్లు దీన్ని అమియెడి అంటారు. మసాలా దినుసులు ఆ ప్రాంతానివే, పొట్లం కట్టి బంగా మసాలా అని అమ్ముతారు. వాటికి మన పోపులపెట్టెలో బదులు ఏదీ లేదు. పక్కన కర్రపెండలం గంజిపిండితో చేసిన పసుపు రంగు స్టార్చ్ ముద్ద, జెల్లీలా సాగుతుంది. ఇగ్బోవాళ్లు ఇలాంటి రసంతోనే ఓఫే ఆక్వూ చేసి అన్నంలో తింటారు. మనవాళ్లకి అదే నచ్చుతుంది.

బయట దేశాల్లో ఉన్నవాళ్లకి రసం డబ్బాల్లో దొరుకుతుంది, గంటలో పని అయిపోతుంది. ఇక్కడ ఉన్నవాళ్లకి ఒక్కటే దారి, ఏలూరు, అశ్వారావుపేట వైపు తోట ఉన్న చుట్టాలు. గెల కోసిన రోజునే పళ్లు ఉడికించాలి, ఆలస్యమైతే నూనె పులిసిపోతుంది. మిల్లులు గెలల కోసం తొందరపెట్టేది కూడా అందుకే. మన తోటల్లోవి గుజ్జు ఎక్కువున్న సంకరరకాలు కాబట్టి రసం బాగానే దిగుతుంది.

ఒక మాట. నైజీరియా వంటల్లో క్యాట్‌ఫిష్ అని కనిపించగానే దాని కోసం బజారుకి వెళ్లకండి. వాళ్లు వాడే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషేధం. దొంగచాటుగా పెంచినదాన్ని కొని తినడం దేనికి? కొరమీను వేయండి.

## మరి మీకు ఏది?

ఎర్ర నూనె లేదు, ఈ ఆదివారమే వండాలి అంటే కాల్దూ, రెండో ఆలోచన వద్దు. నూనె సీసా దొరికింది, తాజా చేప ఉంది అంటే ఫాంటే ఫాంటే. పిల్లలున్న ఇంట్లో కూడా అదే నడుస్తుంది, మిరపకాయని చీల్చకుండా వేసి వడ్డించేముందు తీసేస్తే కారం అంతగా దిగదు. కారం కావలసినవాళ్లు ఆ కాయని తమ కంచంలో చిదుముకుంటారు, సెనెగల్‌లోనూ అంతే. ఉప్పుచేప, బెండకాయ పులుసు రెండూ ఇష్టంగా తినే ఇల్లయితే నేరుగా సూపూ కాంజాకి వెళ్లిపోవచ్చు. రాయలసీమవాళ్లు ఫిషర్‌మన్ సూప్ చేసి సంకటితో తింటే అక్కడివాళ్లు కూడా తప్పు పట్టరు.

ఏది వండినా ధనియాలు, గరం మసాలా, కరివేపాకు అల్మారాలోనే ఉండనివ్వండి. చింతపండు మాత్రం పరాయిది కాదు. ఆ చెట్టు పుట్టిందీ ఆఫ్రికాలోనే, వోలోఫ్‌లో దాన్ని దఖార్ అంటారు. డాకర్ నగరానికి ఆ పేరు దాన్నుంచే వచ్చిందని ఒక కథ కూడా ఉంది. చెబూ జెన్ పక్కన చింతపండు పెడతారు గానీ పైన చెప్పిన పులుసుల్లో పోయకండి. పోస్తే మీ చెయ్యి అలవాటుగా మిగతాదంతా చేపల పులుసు చేసేస్తుంది. నాకు జరిగింది అదే.

సెనెగల్ నుంచి వచ్చిన సహోద్యోగిని భోజనానికి పిలిచి, ఆ మెప్పు కోసం ఇదంతా చదువుతున్నట్టయితే, వాళ్ల వంట వాళ్లకే వండిపెట్టే సాహసం చేయకండి. గోంగూర రొయ్యలు చేయండి, నూక అన్నం వండండి, ఒక పెద్ద పళ్లెంలో అందరికీ కలిపి పెట్టండి. ఆ ఆకు ఏమిటో వాళ్లే మీకు చెప్తారు.